కాలేజీల పోటీల మీద సరదాగా రాయాలంటే ముందు జోకులు పక్కన పెట్టండి

రెండు కాలేజీలు తన్నుకుంటున్నాయని తెలిస్తే చాలు, మనకు చేతులు దురదపెడతాయి, గబగబా ఒక పంచ్ రాసి పెట్టేయాలనిపిస్తుంది. అక్కడే ఆగండి. ‘వాళ్లు వేస్ట్, మేం తోపు’ అన్న మాటనే ఎన్ని రకాలుగా తిప్పి రాసినా ఆ కాలేజీలో చదివినవాళ్లు తప్ప ఇంకెవరూ నవ్వరు. ఏ సంబంధమూ లేనివాడు కూడా నవ్వాలంటే నిజంగా జరిగిన సంగతి ఒకటి కావాలి, అందులో ఎవరూ ఊహించని చిన్న వివరం ఉండాలి. కాబట్టి మొదటి పని వెతకడం.

నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ 2004 నవంబరులో జరిగిన హార్వర్డ్, యేల్ మ్యాచ్. మన సాకర్ కాదు, అమెరికన్ ఫుట్‌బాల్. యేల్ స్టూడెంట్స్ కొందరు హార్వర్డ్ చీర్ బృందంలా వేషం వేసుకుని నేరుగా హార్వర్డ్ అభిమానుల మధ్యకే వెళ్లి దాదాపు 1,800 కార్డులు పంచారు. అందరూ ఒకేసారి పైకెత్తితే ‘గో హార్వర్డ్’ అని కనిపిస్తుందని నమ్మించారు. వాళ్లు ఎత్తారు. అవతలి వైపు కూర్చున్నవాళ్లకు కనిపించింది మాత్రం ‘వీ సక్’, అంటే ‘మేం వేస్ట్’ అని!

ఇది ఎలా చెప్పాలన్నదే అసలు విద్య. ‘హార్వర్డ్ వాళ్ల చేతే మేం వేస్ట్ అనిపించిన యేల్’ అని మొదటి లైన్లోనే కక్కేస్తే ఇంకేం మిగలదు, కింద ఎంత రాసినా ఎవరూ చదవరు. చదివేవాడిని తీసుకెళ్లి ఆ జనం మధ్యలో కూర్చోబెట్టండి. చేతిలో ఒక కార్డు, చుట్టూ అరుపులు, అందరం కలిసి ఏం రాస్తున్నామో ఎత్తినవాళ్లలో ఒక్కరికీ కనిపించదు, కనిపించేది ఎదుటివాళ్లకే. ఇంత చెప్పాక అప్పుడు అక్షరాలు బయటపెట్టండి. ఆ రోజు మ్యాచ్ గెలిచింది హార్వర్డే, 35-3 స్కోరుతో. చాలామంది ఈ ముక్క వదిలేస్తారు, అది పెద్ద తప్పు. గ్రౌండ్‌లో చిత్తుగా ఓడినవాళ్ల పేరే ఇన్నేళ్ల తర్వాత కూడా జనం నోట్లో నానుతోంది, కథకు అందం అక్కడే ఉంది. స్కోరును చివరిదాకా దాచుకోండి.

కొన్నిసార్లు జోకు మనం వేయక్కర్లేదు, జరిగినవాళ్లే వేసేసి ఉంటారు. ఇవే రెండు జట్లు 1968లో ఆడినప్పుడు చివరి 42 సెకన్లలో హార్వర్డ్ 16 పాయింట్లు కొట్టి మ్యాచ్‌ను 29-29తో సమం చేసింది. ఆ తర్వాత హార్వర్డ్ స్టూడెంట్ పేపర్ హెడ్డింగ్: ‘29-29తో యేల్‌ను ఓడించిన హార్వర్డ్’. ఇలాంటిది దొరికితే యథాతథంగా పెట్టి నోరు మూసుకోవాలి. కింద ‘హహహ, ఇదెలా గెలుపు’ అని వివరణ రాశారో, మొత్తం పాడుచేసినట్టే.

వింత వార్తల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి, ఎందుకంటే హెడ్డింగ్ పెట్టేవాళ్లు గోరంతను కొండంత చేసే పెడతారు. 2022 జూన్‌లో అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీకి, తన పేరు ముందు పెట్టుకునే ‘ది’ అనే పదం మీద ట్రేడ్‌మార్క్ వచ్చింది. ఇంగ్లీషులో రోజూ కొన్ని వందలసార్లు వాడే ‘ది’! ఇది వినగానే ‘ఇక ఇంగ్లీషు మాట్లాడాలంటే వాళ్లకు డబ్బు కట్టాలి’ అని రాసేయడం తేలిక, కానీ అది అబద్ధం. ఆ హక్కు కాలేజీ క్రీడల పరిధిలో అమ్మే టీషర్టులకు, టోపీలకు, అలాంటి బట్టలకే. పూర్తి వార్త చదివితే ఇంకా మంచి సంగతులు దొరుకుతాయి: వాళ్లు 2019లో అప్లై చేసేసరికే అదే పదం కోసం ఒక ఫ్యాషన్ కంపెనీ లైన్లో ఉంది, చివరికి ఇద్దరూ రాజీకి వచ్చారు. పక్కనే పాత పోటీ కూడా తెచ్చిపెట్టండి. మిషిగన్ యూనివర్సిటీతో మ్యాచ్ ఉన్న వారం ఒహాయో స్టేట్ క్యాంపస్‌లో బోర్డుల మీద ‘ఎం’ అక్షరం కనిపించిన చోటల్లా ఎర్ర టేపుతో కొట్టేస్తారు. ఒక పదం తమదే అంటారు, ఒక అక్షరం అసలు వద్దంటారు. చూశారా, ఈ రెండు నిజాలూ పక్కపక్కన పెడితే చాలు, పంచ్ దానంతటదే పడింది.

ఎవరి మీద నవ్వుతున్నాం అన్నది ముందే తేల్చుకోండి. కాలేజీ గర్వం మీద, ట్రోఫీల మీద, జట్టు గుర్తుగా పెట్టుకున్న బొమ్మ (మాస్కాట్) మీద, పేరు ముందు తగిలించుకున్న తోకల మీద ఎంతైనా ఆడుకోవచ్చు. ఒక స్టూడెంట్ మార్కులు, యాస, ఇంటి పరిస్థితి మన సరుకు కాదు. అలాగే ప్రాంక్ అని పేరు పెట్టినంత మాత్రాన ప్రతిదీ నవ్వదగ్గది అయిపోదు. 2010లో అమెరికన్ ఫుట్‌బాల్‌లో అలబామా యూనివర్సిటీ జట్టును ఆబర్న్ యూనివర్సిటీ జట్టు ఒక్క పాయింట్ తేడాతో ఓడించాక, ఓడిన జట్టు అభిమాని ఒకతను ఆబర్న్‌లో అందరూ చేరి సంబరాలు చేసుకునే ఓక్ చెట్లకు విషం పెట్టాడు. వాటిని బతికించడానికి ఎంతో ప్రయత్నించి, చివరికి 2013లో కొట్టేయాల్సి వచ్చింది. నేనైతే దీని మీద ఒక్క జోకు కూడా రాయను, రాయమని ఎవరికీ చెప్పను.

పోస్టు పెట్టేముందు ఇంకొక్క పని. మీరు ఏ కాలేజీ మీద రాశారో ఆ కాలేజీలోనే చదివిన ఫ్రెండ్‌కి పంపండి, ముందే ‘ఇది సరదాకే’ అని చెప్పకుండా పంపండి. వాడు నవ్వి, వెంటనే మీ కాలేజీ మీద ఇంకో పాత కథ తవ్వి తీశాడా, రాసింది కుదిరినట్టే, ఆ రెండో కథ కూడా కలిపి పెట్టేయండి. ‘చూశాను’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తే మాత్రం ఎక్కడ గుచ్చుకుందో అడిగి తెలుసుకుని, ఆ లైను తీసేసి మళ్లీ రాయండి.