పాత డాడ్జ్ డీజిల్ పికప్‌లో థ్రాటిల్ సెన్సార్ సెట్ చేసుకునే పద్ధతి

నా బండి 1997 డాడ్జ్ రామ్ 2500. 5.9 లీటర్ల కమ్మిన్స్ ఇంజిన్, 12 వాల్వులది, ఆటోమేటిక్ గేర్‌బాక్స్. టెక్సస్‌లో డెంటన్ అవతల మాకున్న కొద్దిపాటి పొలానికి గడ్డి బేళ్ళు, మేకల దాణా అన్నీ ఇందులోనే వస్తాయి. పోయిన చలికాలం దీనికో రోగం పట్టుకుంది. గంటకు 45 మైళ్ళ దగ్గర కాలు కదపకుండా నడుపుతున్నా టాకోమీటర్ (ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపేది) ముల్లు ఓ 200 పైకి లేచేది, మళ్ళీ పడేది. వెనక ఎవరో బండిని పట్టి లాగి వదులుతున్నట్టు ఉండేది. ఒక షాపులో చూపిస్తే గేర్‌బాక్స్ దించాలన్నారు. ఆ ఖర్చు తలుచుకుని రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. తీరా చూస్తే తేడా అంతా థ్రాటిల్ పొజిషన్ సెన్సార్ (టీపీఎస్) అనే, రెండు స్క్రూలతో బిగించిన చిన్న ప్లాస్టిక్ డబ్బాలో ఉంది. మీ బండీ ఇలాగే చేస్తుంటే గేర్‌బాక్స్ జోలికి పోయే ముందు ఈ పని చేసి చూడండి.

ముందు ఒక సంగతి తెలియాలి. ఈ ఇంజిన్‌కి డీజిల్ అందించే బాష్ పంపు పూర్తిగా మెకానికల్. యాక్సిలరేటర్ కేబుల్ పంపు లివర్‌ని లాగుతుంది, డీజిల్ పెరుగుతుంది, అంతే. డీజిల్ ఎంత పోవాలన్నదాంట్లో టీపీఎస్‌కి ఏ పాత్రా లేదు. కాలు ఎంత నొక్కారో కంప్యూటర్‌కి చెప్పడమే దాని పని. ఓవర్‌డ్రైవ్ (అన్నిటికన్నా పై గేర్) ఎప్పుడు వేయాలో, టార్క్ కన్వర్టర్‌ని (ఇంజిన్ శక్తిని నూనె ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే భాగాన్ని) ఎప్పుడు లాక్ చేయాలో కంప్యూటర్ ఆ మాట విని నిర్ణయిస్తుంది. ఆ లాక్ పడడాన్నే లాకప్ అంటారు. అందుకే ఇంజిన్ చక్కగా లాగుతున్నా గేర్లు మాత్రం తికమకపడతాయి.

లోపల ఉండేది పాత రేడియో వాల్యూమ్ నాబ్ లాంటిదే. ఎక్కువగా తిప్పే చోట నాబ్ అరిగి గరగరలాడేది, గుర్తుందా? ఇక్కడా అంతే. హైవే మీద కాలు గంటల తరబడి ఒకే చోట ఉంటుంది కాబట్టి సెన్సార్ సరిగ్గా అక్కడే అరుగుతుంది. ఆ చోట వోల్టేజ్ ఒక్కసారి పడిపోతే కంప్యూటర్ మీరు కాలు తీసేశారనుకుని లాకప్ వదిలేస్తుంది, మరుక్షణం మళ్ళీ పట్టుకుంటుంది.

సెన్సార్‌ని ముట్టుకునే ముందు కరెంటు శుభ్రంగా ఉందో లేదో చూడండి. చాలామంది ఈ మెట్టు వదిలేస్తారు, నేనూ మొదట వదిలేశాను. ఈ బండికి బ్యాటరీలు రెండు. రెండింటి టెర్మినళ్ళు, ఎర్త్ వైర్లు విప్పి, మెరిసేదాకా రుద్ది మళ్ళీ బిగించండి. తర్వాత ఇంజిన్ నడుస్తుండగా మల్టీమీటర్‌ని ఏసీ వోల్టుల మీద పెట్టి బ్యాటరీ దగ్గర కొలవండి. 0.1 వోల్ట్ దాటిందంటే ఆల్టర్నేటర్ డయోడ్లను అనుమానించాలి. ఆ ఏసీ కరెంటు రొద సెన్సార్ వైర్లోకి ఎక్కితే మీరు ఎంత సెట్ చేసినా లాకప్ కుదురుగా ఉండదు.

ఐడిల్ స్పీడు (కాలు పెట్టనప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) కూడా ముందే సరిచేసుకోండి. ఐడిల్ స్క్రూ తిప్పితే పంపు లివర్ జరుగుతుంది, దాంతో సెన్సార్ అంకె కూడా మారుతుంది. ఇంజిన్ బాగా వేడెక్కాక, బ్రేక్ గట్టిగా నొక్కి డ్రైవ్‌లో పెట్టినప్పుడు నిమిషానికి 750, 800 చుట్ల మధ్య ఉంటే నాకు తృప్తి.

ఇక అసలు పని. బండిని పార్క్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాల కింద దిమ్మలు పెట్టండి. ఇంజిన్ ఆపి, తాళం మాత్రం ఆన్‌లో ఉంచండి. ఇన్‌టేక్ హీటర్ దీపం ఆరేదాకా ఆగండి. సెన్సార్ డ్రైవర్ వైపున, పంపు దగ్గర లివర్ల మధ్య ఉంటుంది. దానికి మూడు వైర్లు: ఊదా రంగు మీద తెల్ల గీత ఉన్నది 5 వోల్టులు తెచ్చేది, నలుపు మీద లేత నీలం గీత ఉన్నది ఎర్త్, నారింజ మీద ముదురు నీలం గీత ఉన్నది సిగ్నల్. కనెక్టర్ విప్పకుండా వెనక నుంచి సన్నని గుండుసూది దూర్చి కొలవండి. వైరు పైతొడుగు మాత్రం గుచ్చకండి. ఆ చిల్లులోంచి నీళ్ళు పోయి రాగికి చిలుము పడుతుంది, ఆర్నెల్ల తర్వాత ఇంకో కొత్త జబ్బు.

మొదటి వైర్లో దాదాపు 5 వోల్టులు, ఎర్త్‌లో సున్నాకి దగ్గరగా రావాలి. ఇవి సరిగా లేకపోతే లోపం వైరింగ్‌లో ఉంది, సెన్సార్ తిప్పి లాభం లేదు. తర్వాత సిగ్నల్ చూడండి. కాలు పెట్టనప్పుడు 1 వోల్ట్ దగ్గర ఉండాలి. పెడల్ పూర్తిగా నొక్కితే నా బండిలో 3.4 వస్తుంది. మీ సర్వీస్ మాన్యువల్లో వేరే అంకె ఉంటే దాన్నే పట్టుకోండి.

పెడల్‌ని లోపల కూర్చున్న మనిషి చేతే నొక్కించాలి. లివర్‌ని చేత్తో లాగితే కేబుల్ సాగిందో లేదో తెలియదు. మా ఆవిడని కూర్చోబెట్టి, "పాలు పొంగకుండా మంట పెంచుతావు చూడు, అంత నిదానంగా" అన్నాను. ఆమె అలాగే నొక్కింది. మీటర్ 1.3 దాకా నున్నగా వచ్చి, అక్కడ ఒక్కసారి 0.6కి పడి, మళ్ళీ లేచింది. నా సెన్సార్ ఆయుష్షు తీరిందని అప్పుడు అర్థమైంది. ఇందుకు ముల్లు ఉన్న పాత మీటరే మేలు, డిజిటల్‌లో ఆ దూకుడు కంటికి ఆనదు. మీకూ అలా పడితే సెట్ చేస్తూ కూర్చోవద్దు, కొత్తది వేయండి. అంకె నున్నగానే పెరుగుతూ కింద మాత్రం తక్కువో ఎక్కువో ఉంటేనే తిప్పడం పనికొస్తుంది.

తిప్పే ముందు పాత స్థానానికి తెల్ల పెయింట్‌తో ఒక గీత గీయండి. రెండు స్క్రూలను డబ్బా కదిలేంత మేరకే వదులు చేయండి. మీటర్ చూస్తూ వెంట్రుకవాసి చొప్పున తిప్పండి. 1.0 రాగానే స్క్రూలు బిగించి మళ్ళీ చదవండి, ఎందుకంటే బిగింపులో అది జరుగుతుంది. నేను వేసిన కొత్త సెన్సార్ మూడుసార్లు జరిగింది. బిగించాక ఫుల్ పెడల్ దగ్గర కూడా ఇంకోసారి చూసుకోండి. పక్కనే గేర్‌బాక్స్‌కి వెళ్ళే థ్రాటిల్ వాల్వ్ కేబుల్ ఉంటుంది. దాని సర్దుబాటు వేరే లెక్క, ఈ పనిలో దాన్ని కదపవద్దు.

తర్వాత ఖాళీ రోడ్డు మీద గంటకు 50 మైళ్ళ వేగంతో నడిపి లాకప్ పడనివ్వండి. కాలు కదపకుండా బ్రేక్‌ని తాకీ తాకనట్టు తాకితే ముల్లు లేవాలి, వదిలితే కాసేపట్లో దిగి నిలబడాలి. మా పొలం దారిలో 45 దగ్గర నాలుగు మైళ్ళు నడిపి చూశాను. ముల్లు కదల్లేదు. ఇంటికొచ్చి ఆ రెండు స్క్రూ తలల మీద మా అమ్మాయి నెయిల్ పాలిష్ చెరో చుక్క పెట్టాను, అవి వదులైతే ఇట్టే తెలిసిపోతుందని.