వేరుశనగ ఆకు ముడుచుకుంటోందా? మందు కొట్టేముందు మడత విప్పి చూడండి

సమస్య: గట్టు మీద నుంచి చూస్తే చేను కాలినట్టు గోధుమ రంగులో ఉంది. దగ్గరికెళ్తే కొన్ని ఆకులు నిలువునా మడిచి ఉన్నాయి, కొన్నిచోట్ల రెండు మూడు ఆకులు గూడులా అల్లుకున్నాయి. వానలు మొహం చాటేసిన సీజన్లలో అనంతపురం వైపు ఇది మామూలే.

కారణం: అనుమానం ముందుగా ఆకుముడత పురుగు మీదికే పోవాలి. శాస్త్రీయ నామం అప్రోఎరిమా మోడిసెల్లా. పాత పుస్తకాల్లో వెతికితే స్టోమోప్టెరిక్స్ సబ్సెసివెల్లా అని దొరుకుతుంది, రెండూ ఒకటే. మడత విప్పితే నల్ల తల, లేత ఆకుపచ్చ ఒళ్లున్న సన్నటి పురుగు గిజగిజలాడుతుంది. కొన్నిటి వీపులోంచి గులాబీ రంగు కనిపిస్తుంది. అది వేరే జాతేమీ కాదు, మగ పురుగంతే. రెక్కల పురుగు బూడిద రంగులో, 6 మి.మీ. దాకా ఉంటుంది. ముందు రెక్కల అంచున ఒక్కో తెల్ల చుక్క ఉంటుంది.

ఇంకా మడత పడలేదా? మధ్య ఈనె పక్కన గోధుమ రంగు పొక్కు ఉన్న ఆకు కోసి ఎండకేసి పట్టండి. పైపొర, కింది పొర మధ్య పురుగు, దాని నల్లటి రెట్ట కనిపిస్తాయి. గుడ్డులోంచి వచ్చాక తొలి రోజులు అక్కడే గడిపి, తర్వాత బయటికొచ్చి ఆకు ముడుస్తుంది.

ఆకు మీద తెల్లటి వంకర గీతలుంటే అది పాముపొడ, ఈగ జాతిది. దాని పురుగుకి తల, కాళ్లు కనబడవు, ఆకునూ ముడవదు. ఆకు కొన వి ఆకారంలో పసుపు పచ్చబడితే పచ్చదోమ.

పరిష్కారం: ముందు లెక్క. ఖాళీ మడతలు వదిలేసి బతికున్న పురుగులనే లెక్కేయండి. 30 రోజుల పైరులో మొక్కకు 5, 50 రోజులకు 10, కాయ ఊరేటప్పుడు 15 దాటితేనే మందు. క్వినాల్‌ఫాస్ 25 ఈసీ లీటరు నీటికి 2 మి.లీ. పొక్కులు ఎక్కువ, మడతలు తక్కువ ఉన్నప్పుడే కొట్టాలి. మడత లోపలికి మందు సరిగా చేరదు. విప్పిన మడతల్లో ఎక్కువగా కోశస్థ దశే (పురుగు తినడం మానేసి రెక్కల పురుగుగా మారే దశ) కనిపిస్తే ఆ విడతకి మందు డబ్బు దండగ. పెద్ద వాన పడేలా ఉంటే ఆగండి, భారీ వానకి ఉధృతి దానంతటదే తగ్గుతుంది.

సోయాచిక్కుడు కూడా ఈ పురుగుకి ఇష్టమే, వేరుశనగ తర్వాత అదే చేలో వేయొద్దు. ఈ పురుగు బతికే కలుపు మొక్క బావంచ ఉంటే పీకేయండి. సజ్జ అంతరపంటగా వేస్తే మేలు.