బడి పిల్లలకు తమను తాము కాపాడుకోవడం ఎలా నేర్పాలి?

"కొత్తవాళ్లతో మాట్లాడకు" అని చెప్పి పిల్లలను బడికి పంపేస్తాం. కానీ పిల్లలను వేధించేవారిలో ఎక్కువమంది ఇంటికి వచ్చిపోయేవారే, పిల్లలు వరస పెట్టి పిలిచేవారే. హనుమకొండలో పిల్లలకు పాఠాలు చెప్పే నేను అందుకే తల్లిదండ్రులను ఇంటి నుంచే మొదలుపెట్టమంటాను.

1. మూడు నాలుగేళ్లప్పుడు, స్నానం చేయించేటప్పుడే, కన్ను ముక్కు చెవి అన్నట్టే మర్మాంగాలకూ పేర్లు చెప్పండి. పేరు తెలియకపోతే బిడ్డ ఏం జరిగిందో చెప్పలేదు. చెడ్డీ, బనియను కప్పే చోట్లను ఎవరూ ముట్టుకోకూడదు, చూపించమని అడగకూడదు. డాక్టరు చూడాల్సి వస్తే అమ్మో నాన్నో పక్కనే ఉంటారు. మగపిల్లలకూ ఇదే నేర్పండి. పిల్లలను లైంగిక వేధింపుల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం 18 ఏళ్లలోపు పిల్లలందరిదీ.

2. పండక్కి వచ్చిన చుట్టాలకు ముద్దు పెట్టమని బలవంతపెట్టకండి. నమస్తే చాలు.

3. పుట్టినరోజు కానుక సంగతి నాలుగు రోజులు దాచవచ్చు. "అమ్మకు ఎప్పుడూ చెప్పకు" అని ఎవరు అన్నా, బిడ్డ ఆ రోజే ఇంట్లో చెప్పేయాలి.

4. "మీ నాన్నకు దెబ్బ తగిలింది, ఎంజీఎం ఆసుపత్రికి తీసుకెళ్తాను రా" అని ఎవరైనా బడి గేటు దగ్గర పిలిస్తే? 'సర్వపిండి' లాంటి గుర్తుమాట ఒకటి ఇంట్లోవాళ్లకే తెలిసేలా పెట్టుకోండి. అది చెప్పనివారు తెలిసినవారైనా సరే, వారి వెంట వెళ్లకూడదు. దీన్ని ఆటగా ఆడించండి. నాన్న ఆ మనిషిగా నటిస్తే, బిడ్డ గట్టిగా అరిచి బడిలోకి పరుగెత్తాలి. ఒకసారి చాక్లెట్, ఇంకోసారి కుక్కపిల్ల, మరోసారి ఫోను ఆశ చూపండి. నోటితో పదిసార్లు చెప్పినా రాని ధైర్యం ఈ ఆటతో రావడం నేను తరగతిలో చూశాను.

5. మేడారం జాతరకు వెళ్తే మీ ఫోను నంబరు బిడ్డ చేతి పట్టీలో ఉంచండి. తప్పిపోతే ఉన్నచోటే నిలబడాలి, లేదా పోలీసునో పిల్లలతో ఉన్న తల్లినో అడగాలి. మీరు వెంటనే 112కు ఫోను చేయండి. 24 గంటలు ఆగాలన్న నియమం ఏదీ లేదు.

6. బిడ్డ ఏదైనా చెబితే "నువ్వెందుకు వెళ్లావు?" అనకండి. "చెప్పి మంచి పని చేశావు, తప్పు నీది కాదు" అనండి, పదేపదే గుచ్చి అడగకండి. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కు ఫోను చేయండి. తెలిసి ఫిర్యాదు చేయకపోవడం పోక్సో కింద నేరం. వాంగ్మూలం తీసుకునే పోలీసులు యూనిఫాంలో ఉండకూడదు, బిడ్డను రాత్రి స్టేషన్లో ఉంచకూడదు. బిడ్డ పేరు, బడి పేరు వాట్సాప్ గ్రూపుల్లో కూడా పెట్టకండి.