స్టాక్‌హోమ్ చీకటి ఉదయాల్లో లైట్ అలారం: ఎక్కడ పెట్టాలి, ఎలా సెట్ చేసుకోవాలి

నేనెక్కే లోకల్ రైలు 7:12కి. డిసెంబరులో ఇక్కడ, స్వీడన్‌లో, సూర్యుడు వచ్చేది 8:40 దాటాక. మధ్యాహ్నం మూడు కాకముందే వెళ్లిపోతాడు. చీకట్లో బయల్దేరి, ఆఫీసులో కిటికీ పక్క సీటు దొరక్కపోతే ఎండ మొహం చూడకుండానే మళ్లీ చీకట్లో ఇంటికి రావడం. నేను తెనాలిలో పుట్టి పెరిగినదాన్ని. అక్కడ ఎంత చలికాలమైనా ఆరున్నరకల్లా తెల్లారిపోతుంది. ఇక్కడికొచ్చిన మొదటి శీతాకాలం ఫోన్లో ఐదు అలారాలు పెట్టుకునేదాన్ని, ఐదింటినీ నిద్రలోనే ఆపేసేదాన్ని. ఆపినట్టు గుర్తు కూడా ఉండేది కాదు.

రెండో ఏడాది లైట్ అలారం కొన్నాను. అలారం మోగడానికి అరగంట ముందు చిన్న ఎర్రటి వెలుగుతో మొదలై, నారింజ రంగులోకి, తర్వాత తెల్లటి పసుపులోకి మెల్లమెల్లగా పెరిగే దీపం అది. కొని వాడటం మొదలుపెట్టాక నెలరోజులు ఏ ప్రయోజనమూ కనపడలేదు. తప్పు దీపానిది కాదు, నేను పెట్టిన చోటుది, పెట్టిన టైముది.

ముందు టైము సంగతి. నేను 6:15కి లేవాలి. లైటు ఆరుంబావుకి మొదలవ్వాలనుకుని అదే టైము పెట్టాను. చాలా గడియారాల్లో మనం పెట్టే టైము వెలుతురు పూర్తిగా వచ్చే టైము. వెలగడం మొదలయ్యేది అంతకుముందే, అంటే 5:45కి. అది తెలియక 5:50కి కళ్లు తెరిచి, ఇంకా టైముంది కదా అని అటు తిరిగి పడుకునేదాన్ని. అలా మళ్లీ పట్టిన నిద్రలోంచి లేవడం మహా కష్టం. కాబట్టి మీ గడియారం ఏ పద్ధతిలో లెక్కేస్తుందో మొదటిరోజే చూసుకోండి. మాన్యువల్ చదవక్కర్లేదు. సాయంత్రం ఖాళీగా ఉన్నప్పుడు, నలభై నిమిషాల తర్వాతి టైముకి అలారం పెట్టి ఎప్పుడు వెలగడం మొదలవుతుందో చూస్తే చాలు.

ఇక చోటు. నేను చేసిన అసలు పొరపాటు ఇక్కడే. మంచం పక్కన బల్ల మీద ఫోను, నీళ్ల సీసా, మా ఆయన కళ్లజోడు ఉండటంతో దీపాన్ని ఎదురుగా ఉన్న బట్టల సొరుగుల మీద పెట్టాను. నా తలకి మీటరున్నర దూరం ఉంటుంది. డబ్బా మీద 300 లక్సులు అని ఉంది (లక్సు అంటే ఒక చోట పడే వెలుతురుకి కొలత). అది దాదాపు అర మీటరు దూరంలో కొలిచిన లెక్క. వెలుతురు దూరంతో పాటు మామూలుగా తగ్గదు, దూరం రెట్టింపైతే నాలుగో వంతే మిగులుతుంది. మూడు రెట్లయితే తొమ్మిదో వంతు. అంటే నా మొహం మీద పడుతున్నది ముప్పై చిల్లర లక్సులు. అది నన్ను లేపలేదు.

ఇప్పుడు దీపం నా దిండుకి మూరెడు దూరంలో, మొహం ఎత్తుకి కొంచెం పైన, నా వైపు తిరిగి ఉంటుంది. సరైన చోటో కాదో తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. రాత్రి గదిలో మిగతా లైట్లన్నీ ఆర్పేసి, అలారం దీపాన్ని ఫుల్లుగా పెట్టి, రోజూ పడుకునే భంగిమలో పడుకుని కళ్లు మూసుకోండి. రెప్పల వెనక ఎర్రగా కనిపించాలి. అరచెయ్యిని దీపానికి, మొహానికి మధ్య అడ్డం పెట్టి తీసేయండి. నలుపు, ఎరుపు తేడా స్పష్టంగా తెలిస్తే చోటు సరిపోయింది. తేడా తెలియకపోతే దగ్గరికి జరపండి. రెప్పల గుండా దూరేది కొంచెమే, ఆ కొంచెమూ చేరాలి. కంటి లోపలి పొర రెటీనాలో పగలో రాత్రో మెదడుకి కబురు చెప్పే కణాలు ప్రత్యేకంగా ఉన్నాయి. వాటికి వెలుతురు అందితే రాత్రి నిద్రకి సాయపడే హార్మోను మెలటోనిన్ తగ్గుతుంది, నిద్ర పలచబడుతుంది. ఆ తర్వాత అలారం మోగినా గాఢనిద్రలోంచి జుట్టు పట్టుకుని లాగినట్టు ఉండదు.

గోడ వైపు తిరిగి పడుకునేవాళ్లయితే కంగారు పడక్కర్లేదు. గోడ తెల్లగా ఉంటే దీపాన్ని గోడ మీదకి తిప్పండి, తిరిగొచ్చే వెలుతురు కొంత పనిచేస్తుంది. కానీ మనవాళ్లలో చాలామందికి ముసుగుతన్ని పడుకునే అలవాటు. నాకూ ఉండేది. దుప్పటి మొహం మీద ఉంటే ఎంత ఖరీదైన దీపమైనా దండగే. రాత్రి హీటర్ ఒక డిగ్రీ పెంచుకుని, మెడ దాకా కప్పుకుని, కాళ్లకి మేజోళ్లు వేసుకుని అలవాటు మార్చుకున్నాను. వారం పట్టింది.

మా ఆయన ఎనిమిదింటికి లేస్తారు. మొదటి వారం నాకంటే ముందు ఆయనకే మెలకువ వచ్చి, "ఏంటిది, గదిలో పెళ్లిపందిరా?" అన్నారు. ఆయన వైపు వెలుతురు పడకుండా దీపం వెనక ఒక అట్ట నిలబెట్టాను, ఆయనకి కళ్లకి కట్టుకునే మాస్కు కొన్నాను. అట్టకంటే మాస్కు బాగా పనిచేసింది.

కొనేటప్పుడు చూడాల్సినవి తక్కువే. కొన్ని వందల క్రోనర్ల (స్వీడన్ డబ్బు) నుంచి రెండు వేల దాకా ఉంటాయి. నేను మొదట ఆన్‌లైన్లో కొన్న చవక రకానికి రెండు జబ్బులు. ఒకటి, టైము చూపించే నీలం అంకెలు రాత్రంతా పైకప్పు కనపడేంత వెలిగేవి, వాటిని తగ్గించే వీలు లేదు. రెండోది, బ్యాకప్ బ్యాటరీ లేదు. ఆదివారం వాక్యూమ్ క్లీనర్ కోసం ప్లగ్గు పీకాను, తిరిగి పెట్టాను, సోమవారం 7:12 రైలు వెళ్లిపోయాక లేచాను. అంకెల కాంతి పూర్తిగా ఆర్పుకునే వీలు, కరెంటు పోయినా టైము గుర్తుంచుకోవడం ఈ రెండూ ఉంటే చాలు. పక్షుల కూతలు, రేడియో, నలభై రంగులు వీటికి అదనంగా డబ్బులు పెట్టకండి. అసలు గడియారమే వద్దనుకుంటే, బెడ్ ల్యాంపుకి స్మార్ట్ బల్బు పెట్టి యాప్‌లో మెల్లగా వెలిగేలా సెట్ చేసుకోవచ్చు. కొన్ని బల్బులు మాత్రం మరీ సన్నగా వెలగలేవు, ఒక్కసారిగా కొంత వెలుగుతో మొదలవుతాయి. టైమర్ ప్లగ్గుకి తగిలించిన మామూలు దీపం అయితే ఠక్కున వెలుగుతుంది. చీకట్లో ఫోను మోగడంకంటే నయమే, అంతవరకే.

శబ్దం అలారం తీసేయకండి. మొదటి నెలంతా ఫోన్లో ఒక్కటంటే ఒక్క అలారం, మంచానికి దూరంగా, పది నిమిషాలు ఆలస్యంగా పెట్టుకోండి. ఉన్నదన్న ధైర్యంతో టెన్షన్ లేకుండా నిద్రపడుతుంది.

అక్టోబరు చివరి ఆదివారం ఇక్కడ గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి. ఫోను తనంతట తనే మారుతుంది. లైట్ అలారాలు చాలావాటిని మనమే మార్చాలి. ఒక ఏడాది మర్చిపోయి సోమవారం 5:15కే తయారై వంటింట్లో నిలబడ్డాను. అమ్మకి ఫోన్ చేస్తే అక్కడ టైము పావుతక్కువ పది, అప్పటికే వంటైపోయింది. "ధనుర్మాసంలో నేను నాలుగింటికి లేచి ముగ్గేసేదాన్ని, నాకెవరు పెట్టారే దీపం?" అంది. నిజమే. కానీ అమ్మ ఎనిమిదిన్నరకే పడుకునేది. దీపం మీద నా అసలు ఫిర్యాదు కూడా ఇదే, అది నిద్రని తయారుచెయ్యదు. రాత్రి ఒంటిగంట దాకా సిరీస్ చూసి ఆరుంబావుకి దీపం లేపుతుందనుకుంటే, లేపుతుంది, కానీ రోజంతా తల దిమ్ముగానే ఉంటుంది.

ఇంకో తొందరపాటు. ఇప్పుడు ఎనిమిదింటికి లేస్తున్నవాళ్లు రేపట్నుంచే ఆరుకి దీపం పెట్టకండి. రోజూ లేచే టైముకి మరీ ముందుగా పడే వెలుతురు శరీరంలోని గడియారాన్ని ముందుకి జరపడానికి బదులు వెనక్కి నెట్టే ప్రమాదం ఉంది. మూడు నాలుగు రోజులకి పావుగంట చొప్పున ముందుకి జరపండి. శని, ఆదివారాల్లో గంటకి మించి తేడా రానివ్వకండి.

లేచాక దీపం కిందే కూర్చోకండి. వంటింట్లో, హాల్లో ఉన్న లైట్లన్నీ వేసేయండి, ఆ నెలల్లో కరెంటు బిల్లు గురించి నేను ఆలోచించను. మధ్యాహ్నం భోజనానికి పావుగంట బయట నడవండి. మబ్బు పట్టినా బయట వెయ్యి లక్సులు దాటుతుంది, ఆఫీసు గదిలో మూడు నాలుగు వందలే. 10,000 లక్సుల పెద్ద దీపం వేరే వస్తువు. అది లేచాక ఎదురుగా పెట్టుకుని అరగంట కూర్చునేది, శీతాకాలపు దిగులుకి వాడేది. దానిని అలారంలా వాడకూడదు. బైపోలార్ (మనసు మరీ హుషారుకీ మరీ దిగులుకీ మధ్య ఊగే జబ్బు) ఉన్నవాళ్లు, రెటీనా జబ్బులున్నవాళ్లు, ఒంటికి వెలుతురు సరిపడకుండా చేసే మందులు వాడేవాళ్లు డాక్టర్ని అడక్కుండా దాని జోలికి వెళ్లొద్దు. లేవలేకపోవడంతో పాటు ఏ పని మీదా మనసు పోకుండా వారాలు గడుస్తుంటే, దీపాల బేరం మాని డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకోండి.

స్వీడన్‌లోనే ఇంకా ఉత్తరాన ఉన్న కిరునా ఊళ్లో అయితే డిసెంబరు రెండో వారం నుంచి నెలాఖరు దాకా సూర్యుడు ఉదయించనే ఉదయించడు. వాళ్లతో పోలిస్తే మాది సుఖమే. ఫిబ్రవరి నెలాఖరుకి ఆరుముప్పావుకల్లా తెల్లారడం మొదలవుతుంది, అప్పుడు దీపాన్ని తుడిచి సొరుగులో పెట్టేస్తాను. జూన్‌లో మూడున్నరకే ఎండ మొహాన కొడుతుంది. అప్పుడు కావాల్సింది మందపాటి రోలర్ కర్టెను. అంచుల్లోంచి వెలుతురు రాకుండా కిటికీ చట్రానికి రెండు పక్కలా టేపు అంటించాలి.