సైనిక రికార్డులో తప్పుంటే: పెన్షన్ ఎక్కడ ఆగింది, ఎక్కడ దిద్దించాలి

మాజీ సైనికుడికో, ఆయన భార్యకో రావాల్సిన పెన్షన్ ఆగితే మనవాళ్లు ముందు బ్యాంకుకి పరిగెడతారు. "ఇది మా చేతుల్లో లేదు" అనే జవాబు వింటారు. నిజంగానే వాళ్ల చేతుల్లో ఉండదు. పేరు, పుట్టిన తేదీ, పెళ్లి, పిల్లలు, గాయాలు, సర్వీసు కాలం అన్నీ మొదట నమోదయ్యేది ఆయన రెజిమెంటు లేదా కోర్ రికార్డ్ ఆఫీసులో. ఆ వివరాలను బట్టే ఆర్మీ వాళ్లకు ప్రయాగ్‌రాజ్‌లోని పీసీడీఏ పెన్షన్స్ కార్యాలయం (రక్షణ శాఖ ఖాతాల విభాగం) పీపీఓ, అంటే పెన్షన్ చెల్లింపు ఆదేశం, ఇస్తుంది. పీపీఓలో ఏముంటే, పెన్షన్ చెల్లింపులు నడిచే ఆన్‌లైన్ స్పర్శ్ పోర్టల్‌లోకి అదే వస్తుంది. తప్పు మొదట ఎక్కడ పడిందో, సాధారణంగా అక్కడే దిద్దించాలి.

అందుకే అర్జీ రాయకముందు డిశ్చార్జి బుక్, పీపీఓ, ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్ పక్కపక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చదవండి. తేడా ఎక్కడుందో ఒక కాగితం మీద రాసుకోండి. ఇక్కడ చెప్పేవి ముఖ్యంగా ఆర్మీ జవాన్లు, జేసీఓల (సుబేదారు వంటి జూనియర్ కమిషన్డ్ అధికారుల) కుటుంబాలకు సంబంధించినవి.

లైఫ్ సర్టిఫికెట్ తిరస్కరించారు, లేదా స్పర్శ్‌లో వివరాలు సరిపోవడం లేదంటోంది

కారణం చాలావరకు మన ఇంటిపేరే. మనం ఇంటిపేరు ముందు రాస్తాం. భర్తీ రోజున ఎక్కడో ఉత్తరాది క్లర్కు దాన్ని అసలు పేరనుకుని రాసేశాడు, లేదా పొడి అక్షరాలుగా కుదించాడు. ఆధార్‌లో మాత్రం పూర్తి పేరుంది.

ఇలాంటప్పుడు సైన్యం రికార్డుని మార్చాలని పట్టుబట్టకండి. సర్వీసంతా నడిచిన పేరు అది, డిశ్చార్జి బుక్ నుంచి పీపీఓ దాకా అన్నిట్లో అదే ఉంది. దానికి తగ్గట్టు ఆధార్‌ని మార్చుకోవడమే సులువు. అయితే ఆధార్‌లో పేరు రెండుసార్లు, పుట్టిన తేదీ ఒక్కసారి మాత్రమే మార్చనిస్తారు. కాబట్టి మీసేవలో తొందరపడి ఏదో ఒకటి ఎక్కించేయకండి. పీపీఓ చేతిలో పెట్టుకుని అందులో ఉన్నట్టే ఇవ్వండి. సైనికుడి సొంత పుట్టిన తేదీ అయితే మరీను. భర్తీనాడు రాసిన తేదీని రిటైరయ్యాక మార్చమంటే దాదాపు ఒప్పుకోరు, కోర్టులు కూడా ఆదరించవు.

ఆయన పోయారు, భార్యకి ఫ్యామిలీ పెన్షన్ మొదలవలేదు

అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది ఇదే. కారణాలు రెండు. పెళ్లయినప్పుడు యూనిట్‌లో పార్ట్-2 ఆర్డర్ (ఇలాంటి వివరాలను సర్వీసు రికార్డులో ఎక్కించే ఉత్తర్వు) పడకపోవడం మొదటిది. సెలవులో వచ్చి పెళ్లి చేసుకుని వెళ్లి, కాగితాలు ఇవ్వడం మర్చిపోయి ఉంటారు. రెండోది, పేరు తేడా. రికార్డులో లక్ష్మి అని ఉంటుంది, ఆధార్‌లో వెంకట మహాలక్ష్మి అని ఉంటుంది. పాత పీపీఓల్లో కొన్నింట్లో భార్య పేరే ఉండదు.

ఆయన బతికుండగానే అయితే పని తేలిక. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లి, ఇద్దరూ కలిసి దిగిన ఫోటో, పెళ్లి రుజువు, ఇద్దరి ఆధార్‌లు, మేజిస్ట్రేటు ముందు చేసిన అఫిడవిట్‌తో రికార్డ్ ఆఫీసుకి పంపించాలి. పేరు మార్పయితే పత్రికా ప్రకటన కూడా అడగొచ్చు. రికార్డ్ ఆఫీసు దిద్దాక కొరిజెండం పీపీఓ, అంటే సవరించిన పీపీఓ, వస్తుంది. అది చేతికి వచ్చేదాకా పని అయిపోయిందనుకోవద్దు.

ఆయన పోయాక ఇదంతా ఆమె ఒక్కతే మోయాలి. రికార్డ్ ఆఫీసు ఈఎంఈ (వాహనాలు, ఆయుధాల మరమ్మతు విభాగం), ఏఓసీ (ఆయుధ సామగ్రి విభాగం) వాళ్లకైతే సికింద్రాబాద్‌లోనే. ఆర్టిలరీ అయితే నాసిక్ రోడ్, సిగ్నల్స్ అయితే జబల్‌పూర్, మద్రాస్ రెజిమెంట్ అయితే తమిళనాడులోని వెల్లింగ్టన్. దుఃఖంలో ఉన్న మనిషిని ఆ ఉత్తర ప్రత్యుత్తరాల టెన్షన్‌లోకి నెట్టకండి. ఇంట్లో మాజీ సైనికుడు ఉంటే ఈ వారమే ఆయన పీపీఓ తీసి భార్య పేరు, పుట్టిన తేదీ చూడండి. వికలాంగ బిడ్డ ఉంటే ఆ బిడ్డ పేరు కూడా ఇప్పుడే నమోదు చేయించండి. జీవితాంతం ఫ్యామిలీ పెన్షన్ అందే అవకాశం దాంతో ముడిపడి ఉంది.

80 నిండినా పెన్షన్ పెరగలేదు

80 ఏళ్లకు 20 శాతం, 85కి 30, 90కి 40, 95కి 50, నూరేళ్లకు 100 శాతం అదనం. ఫ్యామిలీ పెన్షన్‌కి కూడా ఇది వర్తిస్తుంది. రాలేదంటే పీపీఓలో పెన్షన్ తీసుకునేవారి పుట్టిన తేదీ లేదని, లేదా తప్పుగా ఉందని అనుమానించండి. తేదీ రుజువులతో స్పర్శ్‌లోనో, రికార్డ్ ఆఫీసు ద్వారానో ఎక్కించాలి.

వైకల్య పెన్షన్ తిరస్కరించారు

"సర్వీసు వల్ల వచ్చింది కాదు" అని ఒక్క వాక్యంలో ఉత్తరం వస్తుంది. గాయమైతే ఇంజ్యూరీ రిపోర్టు రికార్డుకి చేరిందో లేదో చూడాలి. మెడికల్ బోర్డు పత్రాలు, ఆస్పత్రి కేస్ షీట్లు ఆర్టీఐ ద్వారా అడగండి. ఫీజు 10 రూపాయలు, జవాబుకి గడువు 30 రోజులు. జబ్బయితే భర్తీనాటి వైద్య పరీక్షలో దాని ప్రస్తావన ఉందా అన్నది కీలకం. లేకపోతే ఆ జబ్బు సర్వీసు వల్లే వచ్చిందని సైనికుడి పక్షానే ఊహించాలని 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పీలులో ఆ తీర్పును తప్పక ప్రస్తావించండి. 2023లో నిబంధనలు మారాయి కాబట్టి, ఎప్పుడు సర్వీసు నుంచి బయటికొచ్చారో దాన్నిబట్టి ఏవి వర్తిస్తాయో చూసుకోవాలి.

పెన్షన్‌కి కావాల్సిన 15 ఏళ్ల సర్వీసుకు కొన్ని నెలలు తక్కువ

ముందు లెక్క సరిచూడండి. సెలవు లేకుండా గైర్హాజరైన రోజులను తీసేసి ఉంటారు, అందులో పొరపాటు జరిగి ఉండొచ్చు. నిజంగా తక్కువే అయినా 12 నెలల లోటు దాకా మన్నించమని అర్జీ పెట్టుకునే వీలుంది.

"రికార్డులు ధ్వంసం చేశాం" అన్నారు

పెన్షన్ లేకుండా వెళ్లినవాళ్ల పత్రాలను 25 ఏళ్ల తర్వాత తీసేస్తారు. అయినా లాంగ్ రోల్ (సైనికుల ముఖ్య వివరాలు రాసి ఉంచే రిజిస్టరు) శాశ్వతంగా ఉంటుంది. దాని నకలు అడగండి. ఇంట్లో ఉన్న డిశ్చార్జి బుక్‌ని లామినేషన్ చేయించకుండా, స్కాన్ తీసి భద్రపరచండి.

ఎక్కడా పని జరగకపోతే 2007 చట్టం కింద ఏర్పడిన సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉంది. తుది ఉత్తర్వు వచ్చిన 6 నెలల్లో వెళ్లాలి. ఆలస్యానికి తగిన కారణం చూపితే మన్నించే అధికారం ట్రిబ్యునల్‌కి ఉంది. కానీ ఏళ్ల తర్వాత వెళ్తే, కేసు గెలిచినా బకాయిలు సాధారణంగా కేసు వేయడానికి ముందు 3 ఏళ్లకే పరిమితం చేస్తారు. కాబట్టి ప్రతి అర్జీనీ స్పీడ్ పోస్టులో పంపి, నకలుకి రసీదు కుట్టి ఉంచండి.