అట్టతో గది కట్టి ఫొటో తీయాలనుకునే ఫైన్ ఆర్ట్స్ వాళ్లకి

చాలామంది మోడల్‌ని నాలుగు వైపులా నున్నగా చేసేసి, సబ్మిషన్ ముందు రోజు రాత్రి ట్యూబ్‌లైట్ కింద పైనుంచి ఒక క్లిక్ కొట్టి ప్రింట్ తీయించుకొస్తారు. అప్పుడు బొమ్మ బాగుందంటారు తప్ప ఫొటో బాగుందని ఎవరూ అనరు. చివరికి గోడ మీద వేలాడేది ఫొటోనే అయితే కెమెరా ఎక్కడ పెడతారో ముందే తేల్చుకుని, అక్కణ్ణుంచి కనపడేంతవరకే కట్టండి. వెనకాల టేపులూ ఫెవికాల్ మరకలూ ఎన్నున్నా పర్లేదు. జర్మన్ ఆర్టిస్ట్ థామస్ డిమాండ్ కాగితంతో, అట్టతో గదులకు గదులే అసలు సైజులో కట్టి, ఫొటో అయిపోగానే వాటిని పాడుచేసేస్తారు.

మనకంత చోటుండదు కాబట్టి అడుగుకి అంగుళం లెక్క పెట్టుకోండి. ఉదాహరణకి పాత పెంకుటింటి వంటగది చేస్తున్నారనుకుందాం. అయిదున్నర అడుగుల మనిషి అందులో అయిదున్నర అంగుళాలుంటాడు, అంటే అతని కళ్లు నేలకి సుమారు 5 అంగుళాల ఎత్తులో ఉంటాయి. లెన్స్ కూడా అక్కడే ఉండాలి. ఫోన్ నిలబెడితే లెన్స్ పైకి పోతుంది కదా, అందుకని తలకిందులుగా పెట్టి, లెన్స్ సరిగ్గా ఆ ఎత్తుకి వచ్చేలా ఫోన్ కింద ఏదైనా పెట్టి తీయండి.

గోడలకి మిల్ బోర్డు చాలు, కానీ కోసిన అంచులకి కూడా రంగు వేయండి, ఎందుకంటే అట్ట మందం కనపడిందంటే అంతా తెలిసిపోతుంది. ఎనామిల్ వద్దు, బల్బు వెలుగు దాని మీద మచ్చలా పడుతుంది. పోస్టర్ కలర్ మేలు. గిన్నెలకి, పొయ్యికి ఎం-సీల్ గానీ ఎయిర్ డ్రై క్లే గానీ వాడండి. ఓపికుంటే కొండపల్లి వాళ్లు తెల్లపొణికి చెక్క ముక్కలు అతకడానికి చింతగింజల పొడి, రంపప్పొట్టు కలిపి చేసే మక్కు ఉంది చూశారా, అది మట్టి పొయ్యికి భలే సరిపోతుంది, ఆ గరుకుతనం రంగుతో తెప్పించాలంటే రాదు.

అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది బట్ట. ఎంత పల్చటి చీర ముక్కైనా ఆ సైజులో జారకుండా బిర్రుగా నిలబడుతుంది. పాత పంచె ముక్కని నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో ముంచి, తడిగా ఉండగానే థర్మాకోల్ మీద పరిచి, మడత మడతకీ గుండుసూది గుచ్చి ఆరనివ్వండి. తీసి తలుపుకి కడితే కర్టెన్ బరువుగా కిందికి జారినట్టే ఉంటుంది.

లైటు ఒక్కటే ఉండాలి. గదిలో మిగతావన్నీ ఆపేసి, టేబుల్ ల్యాంప్‌ని బాగా దూరంగా పెట్టి, మీరు కోసిన కిటికీలోంచి లోపలికి పడనివ్వండి. రెండు నీడలు కనిపిస్తే ఎండ అనుకోమన్నా ఎవరూ అనుకోరు. నీడ మరీ నల్లగా ఉంటే ఎదురుగా తెల్ల థర్మాకోల్ షీట్ నిలబెట్టండి, మబ్బు పట్టిన వెలుతురు కావాలంటే కిటికీకి బటర్ పేపర్ అంటించండి.

ఫోన్‌లో అల్ట్రావైడ్, పోర్ట్రెయిట్ మోడ్ రెండూ మర్చిపోండి. పోర్ట్రెయిట్‌లోలా ముందూ వెనకా మసకబారితే బొమ్మ అని ఇట్టే తెలిసిపోతుంది (అదే కావాలనుకుంటే వేరే సంగతి). కాస్త వెనక్కి జరిగి 2ఎక్స్‌లో పెట్టి, ఫోకస్ లాక్ చేసి, టైమర్‌తో తీయండి. డీఎస్‌ఎల్‌ఆర్ అయితే అపర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్/11 నుంచి ఎఫ్/16, ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సార్ సున్నితత్వం) 100, ట్రైపాడ్ తప్పనిసరి. ప్రతి షాట్ తర్వాతా జూమ్ చేసి చూసుకోండి, ఒక్క తలవెంట్రుక పడితే మోకులా కనిపిస్తుంది. మెత్తటి బ్రష్ పక్కనే ఉంచుకోండి.

ముఖ్యంగా, అంతా అయ్యాక తీద్దాంలే అనుకోకండి. ఒక గోడ లేపగానే ఒక ఫొటో, పొయ్యి పెట్టగానే ఇంకోటి. అలా తీస్తుంటే ఏది కట్టక్కర్లేదో కూడా తెలుస్తుంది, బోలెడు పని తప్పుతుంది.

జ్యూరీలో ప్రింట్ పక్కన మోడల్ పెట్టొద్దనే నేనంటాను. పెడితే అందరూ వంగి దాన్నే చూస్తారు, ప్రింట్ వైపు తల కూడా తిప్పరు. కట్టేటప్పటి ఫొటోలు వేరే షీట్‌లో ఉంచి, అడిగితే చూపించండి. ప్రింట్ మాత్రం మ్యాట్ పేపర్ మీద, ఏ3కి తగ్గకుండా.