ఇన్‌డిజైన్ నేర్చుకుందాం – 7: బొమ్మ తెర మీద ఉంది, ఫైల్లో లేదు

పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో కంట్రోల్-డి నొక్కి బొమ్మను పేజీలోకి తెచ్చుకోవడం, అంటే ప్లేస్ చెయ్యడం, పోయిన పాఠంలో చెప్పుకున్నాం. ఈసారి టెక్స్ట్ రాప్, అంటే బొమ్మ చుట్టూ అక్షరాలు పారించడం, మొదలుపెడదామనుకున్నాను. కుదిరేలా లేదు. వచ్చిన ఫోన్లన్నీ ఒకటే మాట: "ఇంట్లో శుభ్రంగా కనపడింది మాస్టారూ, విజయవాడ గవర్నర్‌పేట ప్రెస్‌లో తెరిస్తే బొమ్మలు లేవంటోంది." గుంటూరు బ్రాడీపేటలో ఒకాయనైతే సావనీరు అచ్చయి వచ్చాక చూసుకున్నారట, ముఖ్య అతిథి ముఖమంతా మసక. కాబట్టి రాప్ వచ్చే పాఠంలో.

ప్లేస్ చేసినప్పుడు బొమ్మ మీ డాక్యుమెంట్‌లోకి రాదు. అది ఏ డ్రైవ్‌లో, ఏ ఫోల్డర్‌లో, ఏ పేరుతో ఉందో ఆ అడ్రసు వస్తుంది (దీన్నే లింక్ అంటారు), దాంతోపాటు తెర మీద చూసుకోవడానికి ఒక తక్కువ రిజల్యూషన్ నమూనా. శుభలేఖ మీద కల్యాణ మండపం అడ్రసు వేసినంత మాత్రాన మండపం కవర్లోకి వచ్చెయ్యదు కదా!

కంట్రోల్-షిఫ్ట్-డి నొక్కితే లింక్స్ ప్యానెల్ తెరుచుకుంటుంది. పసుపు త్రికోణం ఉంటే ఫొటోషాప్‌లో బొమ్మను మార్చారని అర్థం. దాని మీద డబుల్ క్లిక్ చేస్తే సరిపోతుంది. ఎర్ర గుండ్రంలో ప్రశ్నార్థకం ఉంటే ఆ అడ్రసులో బొమ్మ దొరకలేదని.

ఎందుకు దొరకదు? నూటికి తొంభై పాళ్లు మనం చేజేతులా చేసుకున్నదే. 'ఫొటోలు' అనే ఫోల్డర్‌ని పని సగంలో ఉండగా 'ఫొటోలు ఫైనల్' చేస్తారు. రెండ్రోజులాగి 'ఫైనల్ కొత్తది'. పెన్‌డ్రైవ్‌లోంచి నేరుగా ప్లేస్ చేసి, పెన్‌డ్రైవ్ పీకి జేబులో వేసుకుంటారు. జిప్ ఫైల్‌ని విప్పకుండా అందులోంచే బొమ్మ లాగుతారు. ఆ అడ్రసు విండోస్ తాత్కాలిక ఫోల్డర్‌ది, రేపటికి ఉంటుందో లేదో. డౌన్‌లోడ్స్‌లోంచి ప్లేస్ చేస్తారు, జాగా చాలడం లేదని తమ్ముడు ఆ ఫోల్డర్ ఖాళీ చేస్తాడు. పని మధ్యలో పేర్లు మార్చాలన్న సరదా ఎందుకు పుడుతుందో నాకిప్పటికీ అంతుపట్టదు. నేనైతే మొదటిరోజే పుస్తకానికో ఫోల్డరు, అందులో బొమ్మలకో ఫోల్డరు పెట్టి, బొమ్మల పేర్లకు ముందు పేజీ నంబరు వేస్తాను. ఆ తర్వాత పుస్తకం అచ్చయ్యేదాకా వాటిని ముట్టుకోను.

అసలు మోసం ఎక్కడంటే, అడ్రసు తెగినా నమూనా తెర మీద అలాగే ఉంటుంది. పీడీఎఫ్ తీసేటప్పుడు లింకులు లేవని హెచ్చరిక వస్తుంది. దాన్ని చదవకుండా ఓకే కొట్టేస్తాం. అప్పుడు పీడీఎఫ్‌లోకి వెళ్లేది ఆ నమూనాయే. బ్రాడీపేట సావనీరు కథ ఇదే.

బాగుచెయ్యడం తేలిక. ఎర్ర గుర్తున్న పేరు ఎంచుకుని రీలింక్ నొక్కండి. తెరుచుకున్న పెట్టెలో, ఈ ఫోల్డర్‌లోనే మిగతా పోయిన లింకులూ వెతకమనే గడికి టిక్ పెట్టండి. ఒక్క బొమ్మ చూపిస్తే ఆ ఫోల్డర్‌లో ఉన్న మిగతావన్నీ అదే పట్టుకుంటుంది. ఫైళ్ల పేర్లు మారకుండా ఉంటేనే సుమా. మారిస్తే ఒక్కొక్కటీ కూర్చుని చూపించుకోవాల్సిందే.

ప్రెస్‌కి వెళ్లేముందు కంట్రోల్-ఆల్ట్-షిఫ్ట్-పి, అంటే ప్యాకేజ్. డాక్యుమెంటూ, బొమ్మలతో లింక్స్ ఫోల్డరూ, ఫాంట్లూ ఒకేచోట చేరతాయి. ఫోల్డర్ మొత్తం ఇవ్వండి, లోపలి ఫైల్ ఒక్కటీ కాదు. ఎంబెడ్ చేసేస్తే, అంటే బొమ్మను డాక్యుమెంట్‌లోనే కలిపేస్తే, గొడవ వదులుతుంది కదా అంటారు. వదులుతుంది, కానీ ఫైల్ బరువెక్కుతుంది, తర్వాత అసలు బొమ్మను దిద్దినా పేజీలో మారదు. నాకు నచ్చదు. ఫొటోషాప్‌లో కాపీ చేసి ఇక్కడ పేస్ట్ చెయ్యడం ఇంకా అన్యాయం. దానికి లింకే ఉండదు.

మసకకి ఇంకో కారణం పిక్సెళ్లు, అంటే ఫొటోలోని చుక్కలు, చాలకపోవడం. లింక్ వివరాల్లో యాక్చువల్ పీపీఐ కాదు, ఎఫెక్టివ్ పీపీఐ చూడండి, అంటే పేజీలో పెట్టిన సైజులో అంగుళానికి ఎన్ని పిక్సెళ్లు పడుతున్నాయో. 1200 పిక్సెళ్ల వెడల్పున్న ఫొటోని 4 అంగుళాల్లో పెడితే 300, 8 అంగుళాలకు సాగదీస్తే 150. ఆఫ్‌సెట్ అచ్చులో ఫొటోకి 300 ఉండేలా చూసుకోండి. వాట్సాప్‌లో ఫొటో తెప్పించుకుంటే డాక్యుమెంట్‌గా పంపమనండి, మామూలుగా పంపితే అది కుదించేస్తుంది.

అభ్యాసం: డెమీ సైజులో, అంటే 5.5 × 8.5 అంగుళాల్లో, 8 పేజీలు చేసి 10 ఫొటోలు ప్లేస్ చెయ్యండి. సేవ్ చేసి మూసేసి, బొమ్మల ఫోల్డర్ పేరు మార్చండి, మూడు ఫొటోల పేర్లు కూడా. మళ్లీ తెరిచి అన్నీ రీలింక్ చెయ్యండి. ఎఫెక్టివ్ పీపీఐ 300 కంటే తక్కువున్న వాటిని 300 వచ్చేదాకా చిన్నవి చెయ్యండి. ప్యాకేజ్ చేసి, ఆ ఫొటోలు ఎప్పుడూ చూడని కంప్యూటర్‌లో తెరిచి, ఒక్క ఎర్ర గుర్తూ లేకుండా పీడీఎఫ్ తియ్యండి. రెండో కంప్యూటర్ లేనివాళ్లు అసలు ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లోకి మార్చి, పెన్‌డ్రైవ్ తీసేసి ప్రయత్నించండి. ఈ ఫైల్‌ని చెరిపెయ్యకండి, టెక్స్ట్ రాప్ దీనిమీదే.